మంచు మీద ఆగని కారు

మా చిన్నప్పుడు... ఒక పొద్దున నాన్న బ్రేకు అదిమి పట్టినా కారు ఆగలేదు. చక్రాలు తిరగడం మానేశాయి. కారు మాత్రం మంచు మీద కొండ దిగిపోతూనే ఉంది...

అప్పుడు ఐర్లండ్‌లో కార్క్ దగ్గర ఉండేవాళ్ళం. నాన్న రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీ ఇంజనీరు. మంచుకి స్కూలు మూసేశారు, అమ్మ డ్యూటీలో ఉంది. నన్నూ చెల్లినీ తెలిసిన ఆంటీ ఇంట్లో దింపడానికి బయల్దేరారు. నాకు పదకొండు, చెల్లికి ఆరు.

వేగం పెరగలేదు, తగ్గలేదు... పిల్లలు పరుగెత్తేంత వేగం, అంతే. కింద మలుపులో రాతి గోడ, దాని అవతల సముద్రం.

నాన్న ఉన్నట్టుండి బ్రేకు వదిలేశారు! స్టీరింగు ఎడమకి తిప్పారు. ఎడమ చక్రాలు పక్కనున్న కంకరలోకి దిగగానే మళ్ళీ బ్రేకు తొక్కారు. గరగరమని చప్పుడు... గోడకి రెండడుగుల దూరంలో ఆగాం.

ఎడమ తలుపులు ముళ్ళపొదలకి ఆనుకుపోయాయి, తెరుచుకోవు. కుడివైపు, రోడ్డు మీదికి, నాన్న దిగనివ్వలేదు. "పైనుంచి ఇంకో కారు జారొస్తే? లోపలే ఉండండి."

"ఆర్ వీ స్టక్, డాడీ?" చెల్లి ఏడుపు మొదలుపెట్టింది.

నాన్న ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో రెండు బాణాలు గీశారు. "చూడండమ్మా, బ్రేకు ఆపేది చక్రాన్నే. కారుని ఆపాల్సింది రోడ్డు. వాలు కిందికి లాగుతోంది, ఘర్షణ పైకి లాగుతోంది. మంచు మీద రెండూ సమానం. మిగిలిన బలం సున్నా... ఇంక కారు ఊపు, అదే మొమెంటమ్, ఎందుకు మారుతుంది?"

"మరి కంకర మీద?" అన్నాను.

"అక్కడ ఘర్షణ గెలిచింది. పన్నెండు వందల కిలోల కారు, సెకనుకి మూడు మీటర్లు... మూడు వేల ఆరొందల మొమెంటమ్. రెండు సెకన్లలో పోయింది. రెంటితో భాగిస్తే బలం ఎంత?"

"పద్దెనిమిది వందలు."

"దాన్ని పన్నెండు వందలతో భాగించు."

"ఒకటిన్నర."

"అదే త్వరణం. మనం వెళ్ళే దిక్కుకి ఎదురుగా."

అప్పుడు చూశాను... కారు ఎప్పుడో ఆగినా, నాన్న రెండో చెయ్యి ఇంకా స్టీరింగుని గట్టిగా పట్టుకునే ఉంది. ఆ లెక్క మా కోసమే కాదని అర్థమైంది. ఇంకా ఏదో ఒకటి అడుగుతూనే ఉండాలనిపించింది, అడిగాను.

గంట తర్వాత, కొండ మీది ఇంట్లో ఉండే ముసలావిడ, కాలు జారకుండా బకెట్టుతో పొయ్యి బూడిద చల్లుకుంటూ దిగి వచ్చింది. "యూ ఆర్ గ్రాండ్ నౌ, లవ్," ఇంకేం భయం లేదమ్మా అంటూ చెల్లిని ఎత్తుకుంది. ఆవిడ వంటింట్లో నాన్న టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగారు.

ఇప్పుడు కారు జారితే కారే సర్దుకుంటుంది. వెనక సీట్లో నా పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని ఉంటారు, నా భయం వాళ్ళకి తెలియదు... వాళ్ళు నన్నేమీ అడగరు.

మీరెప్పుడైనా ఇలా ఇరుక్కుపోయారా... అప్పుడు మీ పక్కన కూర్చున్నదెవరు?