ఆర్మూరులో గుంటూరోళ్ల ఇల్లు

తొంభైల మొదట్లో మా మామయ్య నా చేతిలో ఒక కాగితం పెట్టి, "ఆర్మూరులో తాతయ్య కట్టిన ఇంట్లో ఎవరో ఉంటున్నారట. ఇల్లు మనదని సంతకం పెట్టించుకురా" అన్నాడు. కృష్ణా జిల్లా నుంచి అటువైపు మొదట్లో వలస వెళ్లిన రైతుల్లో మా తాత ఒకడు. పదిహేనేళ్లు పసుపు పండించి, ఒంట్లో బాగోలేక తిరిగొచ్చేశాడు. ఆ ఇంటి సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఒప్పుకున్నానే గానీ, ఆ కాగితం జేబులో ఉన్నంతసేపూ నా మనసు మనసులో లేదు.

హైదరాబాద్‌లో ఆరింటికి బస్సెక్కితే ఇందల్వాయి మీదుగా పదకొండున్నరకు ఆర్మూరు చేరాను. టికెట్ నలభై చిల్లర. పసుపు బస్తాల బండ్ల మధ్య ఆటో కదలడమే కష్టమైంది. తాత పేరు చెబితే డ్రైవర్‌కు తెలియలేదు. ఆంధ్ర నుంచి వచ్చినాయన కట్టిన ఇల్లు అనగానే, "గుంటూరోళ్ల ఇల్లా? గట్ల చెప్పు సార్!" అన్నాడు. మాది కృష్ణా జిల్లా అన్నా వినలేదు. "గా ఆంధ్రకెల్లి ఎవలొచ్చినా గుంటూరోళ్లే." ఐదు రూపాయలు తీసుకుని ఒక పెంకుటింటి ముందు దింపాడు.

గుమ్మంలో డెబ్బై ఏళ్ల ముసలమ్మ నిలబడి ఉంది. పేరు రాజవ్వ. "ఇల్లు చూసిపోదామని వచ్చాను" అన్నాను. నోరు జారానని ఆమె ముఖం చూశాకే అర్థమైంది. ఇల్లు చూసేది కొనేవాళ్లు.

"అమ్మేది లేదు. పో."

"మా తాత కట్టిన ఇల్లమ్మా" అన్నాను. ఇంకా చెడింది. ఆమె రెండు చేతులూ తలుపుకు అడ్డం పెట్టింది. నాకు సిగ్గేసింది. అయినా కాగితం తీయాలో వద్దో తేల్చుకోలేకపోయాను.

ఈలోగా ఆమే అంది. "మీ తాత ఊరిడిసి పోయేనాడు, ఇల్లు నీదేరా అని తన పొలంల పనిచేసిన మా ఆయనకు చెప్పిండు. దర్వాజ మీద ఏందో చెక్కిండు గూడ. మాకిద్దరికీ సదువు రాదు."

"ఎవరితోనూ చదివించలేదా?"

"చెప్పింది ఒకటి, రాసింది ఒకటి ఉంటే? గందుకే శుక్రవారం శుక్రవారం మందంగ పసుపు పూసిన."

అంత భయం గుండెల్లో పెట్టుకుని ఇన్నేళ్లు ఎలా నిద్రపోయిందో! చివరికి కొంగు తడిపి ఆ పసుపు తనే తుడిచింది. "ఇగ నువ్వే సదువు. అబద్ధమాడకు బిడ్డా."

తాత చేతిరాతే. ఆయన ఉత్తరాల్లోలాగే ‘య్య’ వత్తుకు అదే పొడుగు తోక. పైకే చదివాను: "ఇది లింగయ్య ఇల్లు."

"మా ఆయన పేరే! ఇంకోపారి సదువు" అంది. మూడుసార్లు చదివించుకుని, గడప మీద కూలబడి ఏడ్చింది. తర్వాత చాయ్ పెట్టింది.

నాలుగింటి బస్సులో కాగితం చింపేశాను. మామయ్య ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. తాత ఆ ఇంటి మాట ఎందుకెత్తలేదో మాత్రం తెలిసింది. ఆయన దృష్టిలో అది లింగయ్య ఇల్లు. పాత ఇళ్లు వెతుక్కుంటూ అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఇల్లు చూడటానికి వచ్చామని అనకండి. మిమ్మల్ని చూసిపోదామని వచ్చామనండి.