ఒంటె రాయబారం

యెర్బెంట్‌లో అత్తవారింట అడుగుపెట్టిన రోజున ఒగుల్‌నబాత్ తలగుడ్డ కొంగు పంటి కింద పెట్టింది. కన్నకూతుర్ని అత్తారింటికి సాగనంపాక కూడా తీయలేదు. కోడలు మామగారి ఎదుట నోరు విప్పకూడదు. ఆయనే పిలిచి, కానుక ఇచ్చి, మాట్లాడమనాలి. మామగారు పిర్నెపెస్ ఆగా ఆ సంగతే మరిచిపోయారు. గుర్తు చెయ్యాలంటే కోడలు మాట్లాడాలి గదా.

మా తుర్కమెన్ భాషలో ఒంటెకు ఈడునుబట్టి ఒక్కో పేరుంది. కోడలు మామగారితో అనదగ్గ మాట మాత్రం ఒక్కటీ లేదు.

ఇన్నాళ్లూ కబుర్లు కూతురు మోసింది. అమ్మ చాయ్ తాగుతారా అని అడిగితే, పక్కనే కూర్చున్న ఆగా చెవిన పడనట్టే ఉండి, మనవరాలు మళ్లీ చెప్పాక తల ఊపేవారు. రాజుల రాయబారాలకు తీసిపోని పద్ధతి. ఆ పిల్ల నిరుడు పెళ్లయి వెళ్లిపోయింది. ఒగుల్‌నబాత్ మొగుడు గ్యాస్ బావుల దగ్గర డ్యూటీలో ఉన్నాడు. ఇంట మిగిలింది వీళ్లిద్దరూ, అక్‌మాయా అనే ఒంటె.

అక్‌మాయా పాలు తగ్గించింది. ముసలిదైపోయిందని తీర్మానించి ఆగా తేజెన్ నుంచి కసాయి బేరగాణ్ణి పిలిపించారు. చూపు మందగించిన ఆయనకు తెలియనిది, రోజూ పాలు పితికే కోడలికి తెలుసు: మనిషి దగ్గరికెళితే అక్‌మాయా తోక నిక్కబొడుస్తోంది. అది చూడి ఒంటె లక్షణం.

బేరగాడు పగ్గం పట్టుకున్నాడు. ఒగుల్‌నబాత్ గిన్నెలు మోగించింది. దగ్గింది. గాలి తిరిగినట్టుందన్నారు ఆగా. ఇక లాభం లేదని ఆమె వెళ్లి, కొంగు పంటి కిందే ఉంచి, ఒంటె చెవిలో అంది, వీధి చివరిదాకా వినబడేలా:

"కడుపుతో ఉన్నానని మీ పెద్దాయనకి చెప్పుకోలేవటే?"

ఆగా కోడలి వైపు చూడలేదు. ఒంటెనే గంభీరంగా అడిగారు. "ఎప్పట్నుంచే?"

"చలికాలం నుంచని చెప్పవే."

"ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"అడిగితే గదా చెప్పేది, అనవే."

ఆగా కర్ర ఊతంతో ఒంటె పక్కకు నడిచారు. తోక లేచింది. ఇద్దర్నీ, మధ్యన నెమరేస్తున్న అక్‌మాయానీ చూసి బేరగాడు పగ్గం వదిలేశాడు.

"పుట్టే పిల్ల నీదే కోడలా," అన్నారు ఆగా, ఈసారి ఆమెతోనే. "కొంగు తీసి మాట్లాడు."

కొంగు జారింది. ఇన్నేళ్లకు తొలి మాట బయటికొచ్చింది.

"చాయ్‌తో అన్నేసి చక్కెర ముక్కలు నమలకండి మామయ్యా. వచ్చిన రోజునుంచీ చూస్తున్నాను."

అప్పట్నుంచి పిర్నెపెస్ ఆగా చాయ్ చప్పగానే తాగుతున్నారు. తాగాక అక్‌మాయా దగ్గరికెళ్లి, నీ రాయబారమే నయమే అని చెప్పి వస్తుంటారు.