దెబ్బ పడకముందు

ఇస్నాపూర్‌ల సంగారెడ్డి బస్సెక్కి కిటికీ పక్కన కూసున్న. వయసుల ఉన్నప్పుడు కిరాయి రూంల పొద్దుమాపు విన్న ఆల్బం ఒకటి మొన్నామధ్య ఫోన్‌ల దొరికింది. అండ్ల పాటకంటే మోతనే ఎక్కువ. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు బీటు, నడుమ మోటర్ గుర్రుమన్నట్టు సింథసైజర్. అప్పట్ల నా కోపమంత అండ్లనే ఉండేది. ఆ రోజు బస్సుల ఇయర్‌ఫోన్లు పెట్టుకోని వింటే మాత్రం ఉత్త సప్పుడే అనిపించింది. ఆపుదామనుకున్న.

"జెర నాక్కూడ వినిపిస్తవా బిడ్డా?" పక్క సీటు పెద్దాయన అడిగిండు. ఎంత గట్టిగ అడిగిండంటే బస్సంత మా దిక్కు చూసింది. చెవులు సరిగ్గ వినపడయని అర్థమైంది. ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చి సౌండ్ పెంచిన.

ఆయన కండ్లు మూసుకున్నడు. పెద్ద బీటు పడంగనే ఒళ్లో ఉన్న రెండు చేతులు ఛాతీ దిక్కు గుంజుకున్నడు. మళ్ల ముందుకు పెట్టిండు. జెరసేపటికి, బీటు పడకముందే గుంజుకునుడు మొదలువెట్టిండు.

"భయమైతుందా పెద్దనాయనా?"

"భయం గాదు, అలవాటు. జిందగీ అంత రేకులు వంచే ప్రెస్ మిషన్ మీదనే చేసిన. రేకు పెట్టాలె, చేతులు గుంజుకోవాలె, అటెన్క దెబ్బ పడాలె. లేకుంటే చేతి ఏళ్లు పోతయ్." ఇయర్‌ఫోన్ చెవుల సక్కగ పెట్టుకున్నడు. "కంపెనీ మూసిండ్రు. ఇంట్ల ఒక్కణ్నే. సప్పుడే ఉండదు బిడ్డా."

పోతిరెడ్డిపల్లి కాడ ఇయర్‌ఫోన్ అంగీకి తుడిచిచ్చి దిగిపోయిండు.

నిన్న చాయ్ తాగుకుంట ఆ ఆల్బం మళ్ల పెట్టుకున్న. దెబ్బ పడకముందే నా చేతులు వాటంతటవే ఎనుకకొచ్చినయ్. చాయంత అంగీ మీద ఒలికింది. ఏమైందని అడిగేటందుకు ఇంట్ల ఎవ్వరు లేరు.