ఏ గీతలు సార్?

శామీర్‌పేటలో ఒక కుటుంబం నన్ను దేవతలాంటి మనిషని చెప్పుకుంటుంది. ఎన్నో ఏళ్ళుగా నేను మోస్తున్న బరువు అదే. వాళ్ళు తిట్టినా మోసేదాన్ని. మొక్కుతున్నారు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. ముఖం తెలిసినవాళ్ళకు చెప్పబోయిన ప్రతిసారీ నా నోరు నాకు అనుకూలంగా ఏదో ఒకటి కలిపేసింది. ఒకసారి మా వారికి చెప్పాలని మొదలుపెట్టాను. "అప్పట్లో కాలేజీలో ఒత్తిడి ఎక్కువగా ఉండేది" అన్న వాక్యం దొర్లగానే ఆపేశాను. ఒత్తిడేం లేదు. నేను చేసింది తీరిగ్గా, తెలిసి, రోజుకింత చొప్పున చేశాను.

రెండువేల ఏడు, ఎనిమిది నాటి సంగతి. కండ్లకోయ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. మాది తెనాలి వైపు. మా వారి ఉద్యోగం కోసం యాప్రాల్‌లో ఉండేవాళ్ళం. మా విభాగంలోనే సత్తిరెడ్డి సార్ ఉండేవారు. పేరు మార్చాను. శామీర్‌పేటలో పొలాలున్న కుటుంబం. యాభై రెండేళ్ళు. మొదట లెక్కల మాస్టారు. నలభై దాటాక కంప్యూటర్లు సొంతంగా నేర్చుకుని, మళ్ళీ డిగ్రీ చేసి, మా విభాగానికి వచ్చారు. ఆయన క్లాసు అయిపోయినా పిల్లలు లేచేవాళ్ళు కాదు. నా క్లాసులో గంట కొట్టకముందే పుస్తకాలు మూసేవాళ్ళు.

ఆయన నాకు ఏ చెడూ చేయలేదు. ఇది ముందే రాసిపెట్టాలి. లేకపోతే మీరు నా కోసం ఒక కారణం వెతుకుతారు. అలాంటి కారణం నేనూ వెతుక్కున్నాను. దొరికింది ఒక్కటే. ఆ ఏడాది పిల్లలు రాసిచ్చిన అభిప్రాయాల కాగితాలు స్టాఫ్‌రూంలో చదివారు. 'మేడమ్ చూసి చదువుతారు, చెప్పరు' అని చాలామంది రాశారు. నేను తల దించుకుని కూర్చుంటే సార్ అందరి ముందూ, "ఏం గాదు మేడమ్, మెల్లగ వస్తది. నాకు గూడ గట్లనే అయింది" అన్నారు. ఓదార్చారు. అంతే. ఆ ఓదార్పును నేను క్షమించలేకపోయాను.

అప్పటికే తరువాతి హెచ్ఓడీ ఆయనేనని అందరూ అనుకుంటున్నారు.

ఆ సంవత్సరం మా విభాగానికి నాలుగు ల్యాప్‌టాప్‌లు ఉండేవి. ఇంటికి తీసుకెళ్ళనిచ్చేవారు కాదు, సాయంత్రం బీరువాలో పెట్టి తాళం వేసేవారు. వాటిలో కొత్త ఆపరేటింగ్ సిస్టం వేసే పని నాకు అప్పగించారు. వేశాను. ఆ మర్నాటి నుంచి నాలుగింటికీ ఒకటే జబ్బు. చార్జర్ పెట్టి ఉంటే బాగానే ఉండేది. బ్యాటరీ మీద నడిపితే తెర అంతా సన్నటి అడ్డగీతలు, నీళ్ళలో నీడలా వణికేవి. ప్రొజెక్టర్ తగిలిస్తే గోడ మీద పడే బొమ్మ మాత్రం శుభ్రంగా ఉండేది. ఇంకా ఎవరికీ ఇవ్వకుండా రెండు రోజులు కుస్తీ పట్టాక తెలిసింది. తెరను నడిపించే డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ పాతదే మిగిలిపోయింది. కొత్తది వేసి, ఆపి మళ్ళీ ఆన్ చేస్తే సరిపోతుంది. పది నిమిషాల పని. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని మూడు ల్యాప్‌టాప్‌లలో వేశాను. నాలుగోది అప్పటికే సార్ క్లాసుకు తీసుకెళ్ళారు. తరువాత వేద్దామనుకున్నాను. అంతవరకు నా తప్పేమీ లేదు.

ఆ మధ్యాహ్నం వరండాలో వెళ్తుంటే సార్ క్లాసులోంచి పిలిచారు. పిల్లలు భోజనాలకు వెళ్ళిపోయారు. ఆ గదిలో ప్రొజెక్టర్‌ది తప్ప వేరే ప్లగ్గులు పనిచేయవు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది.

"మేడమ్, జర గిది సూడుర్రి. గీ గీతలు మీకు గూడ కనవడుతున్నయా?"

చూశాను. తెర నిండా గీతలు. నా హ్యాండ్‌బ్యాగులో పెన్‌డ్రైవ్ ఉంది. 'అయ్యో సార్, మీది మర్చిపోయాను' అనడానికి నోరు తెరిచాను. ఆయన ముఖంలో ఏదో కనిపించింది. చిరాకు కాదు, భయం. అంత పెద్దమనిషి భయపడుతున్నాడు, నా జవాబు కోసం.

"ఏ గీతలు సార్?" అన్నాను.

ఆయన ఒక కన్ను మూసి చూశారు. తరువాత రెండోది మూసి చూశారు. తెర మీద వేలు పెట్టారు. "గిక్కడ... అడ్డం. సన్నగ, వణుకుతున్నట్టు."

"నాకేం కనిపించడం లేదు సార్. బాగానే ఉందే."

ఆయన బల్ల అంచు పట్టుకుని కూర్చున్నారు. గోడ మీది బొమ్మను చూశారు, మళ్ళీ ల్యాప్‌టాప్‌ను చూశారు. "దూరంది సక్కగనే కనవడ్తాంది. దగ్గరిదే గిట్లయితాంది" అన్నారు తనలో తాను అనుకుంటున్నట్టు. తరువాత నా వైపు తిరిగి, "మా నాయినకు గూడ గిట్లనే సురువైంది మేడమ్. యాభై దాటినంక. ముందుగాల దగ్గరిది అలుక్కపోయింది. ఆరేండ్లల్ల రెండు కండ్లు పోయినయి. కట్టె పట్టుకొని పొలం కాడికి నేనే తోల్కవోయెటోణ్ణి. ఎవ్వలకు చెప్పకుర్రి" అన్నారు.

అప్పుడైనా చెప్పవచ్చు. నవ్వేసి, పెన్‌డ్రైవ్ తీసి, పది నిమిషాలు పక్కన కూర్చుంటే చాలు. తండ్రి సంగతి వినేంతవరకు అది చిన్న ఆకతాయితనం అనుకోవచ్చు. విన్న తరువాత ఏమిటి? విన్న తరువాత నేను ఆయన భుజం దగ్గర నిలబడి, గొంతు తగ్గించి, "కళ్ళ విషయం కదా సార్, అశ్రద్ధ చేయకండి" అన్నాను. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చింది? నాకు తెలియదు. నాదే.

మర్నాడు చెప్పాలనుకున్నానని రాస్తే అది అబద్ధం. మర్నాడు నేను ఆయన కోసం ఎదురుచూశాను. "ఎలా ఉన్నాయి సార్ కళ్ళు?" అని అడగడానికి. రెండు మూడు రోజులకొకసారి అడిగేదాన్ని. ఆయన ముఖం వాడిపోవడం చూసేదాన్ని. ఒకరోజు స్టాఫ్‌రూంలో మేమిద్దరమే ఉన్నాం. చార్జర్ పెట్టుకుని పని చేసుకుంటున్నారు. "ఇయ్యాల మంచిగుంది మేడమ్, అసలు లెవ్వు" అన్నారు, చిన్నపిల్లాడిలా. నేను లేచి, "సార్, నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది, ఐదు నిమిషాలు పెట్టుకోనా?" అన్నాను. "అయ్యో, పెట్టుకోర్రి" అని తన ప్లగ్గు తనే తీసి నాకు ఇచ్చారు. నేను తెరను చూడలేదు. ఆయన ముఖాన్నే చూశాను.

చార్జర్ తీస్తేనే, ఆ తెర మీదే గీతలు వస్తున్నాయన్న చిన్న లెక్కను లెక్కలు చెప్పిన మనిషి ఎందుకు తేల్చుకోలేదని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అందుకే ఆయన తేల్చుకోకుండా నేను ముందే అడ్డం కట్టాను. "మొదట్లో వచ్చీ పోతూ ఉంటాయట సార్, వెలుగుతున్నవాటి మీదే ముందు తెలుస్తాయట, మా పెదనాన్నగారికీ అంతే" అని చెప్పాను. నాకు అలాంటి పెదనాన్న లేడు. ఇంకొకరిని అడగకుండా ఆయన భయమే ఆయన్ను ఆపింది. ఒకరు చూసి లేదన్నాక, ఆ మాటనే ఇంకొకరి నోట వినడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది?

సికింద్రాబాదులో కళ్ళ డాక్టరుకు చూపించుకున్నారు. ఏమీ లేదన్నాడు. ఆ మాటతో దొరికిపోయాననుకున్నాను. సార్ మాత్రం తల అడ్డంగా ఊపారు. "మా నాయినకు గూడ ఫస్టు ఏం లేదనే అన్నరు మేడమ్."

మోటారు సైకిల్ మానేసి కాలేజీ బస్సులో రావడం మొదలుపెట్టారు. హెచ్ఓడీ పదవి వద్దని ప్రిన్సిపాల్‌కు చెప్పేశారు. ఎవరికి ఇవ్వమంటారని అడిగితే నా పేరు చెప్పారట.

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో. కాని సార్‌కు కూతురు ఉంది. స్వరూప అందాం. మా కాలేజీలోనే మూడో సంవత్సరం. తండ్రి ఆ సెక్షన్‌కు పాఠం చెప్పేవారు కాదు, నేను చెప్పేదాన్ని. నా క్లాసులో గంట కొట్టేదాకా పుస్తకం మూయని పిల్లల్లో ఆమె ఒకతె. ఎంటెక్ చేస్తానని, తండ్రిలా పాఠాలు చెబుతానని అనేది.

ఒకరోజు ల్యాబ్ అయ్యాక వెనకే వచ్చింది.

"మేడమ్, నాయిన నా పెండ్లి జేస్తా అంటుండు. గీ నెలలనే. తన కండ్లు మంచిగున్నప్పుడే సూడాలెనంట. పరీక్షలైనంక జేయమంటే ఇంటలేడు. మీరంటే నాయినకు మస్తు ఇజ్జత్. జర మీరొక మాట చెప్పుర్రి మేడమ్."

ఆమె చేతిలో రికార్డు పుస్తకం ఉంది. దాన్ని గుండెకు ఆనించుకుని నిలబడింది. నేను ఒక్క మాట చెబితే చాలు. కాని ఆ ఒక్క మాట చెప్పాలంటే, ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదో చెప్పాలి. అంతకు వారం ముందే హెచ్ఓడీ గదిలోకి నా కుర్చీ మార్చారు.

"నాన్నగారు నీ మంచి కోసమే చేస్తున్నారు కదమ్మా. పెళ్ళయ్యాక చదువుకోకూడదని ఎవరన్నారు?" అన్నాను.

ఆమె రికార్డు పుస్తకం కిందికి దించింది. "సరే మేడమ్" అంది.

మేడ్చల్‌లో ఫంక్షన్ హాల్లో పెళ్ళి. నేను వెళ్ళాను. పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. తలంబ్రాలు పోస్తుంటే సార్ కళ్ళద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుస్తున్నారు. నన్ను చూసి పక్కకు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. "కండ్ల నిండ సూస్కుంటున్న మేడమ్. ఇంకేం గావాలె" అన్నారు. నేను భోజనం చేసి వచ్చాను.

అత్తవారిది తూప్రాన్ వైపు. చదివిస్తామన్నారు. స్వరూప ఆ సెమిస్టర్ పరీక్షలకు రాలేదు. తరువాతి సెమిస్టర్‌కూ రాలేదు. మూడు నెలలు హాజరు పట్టీలో ఆమె పేరు పిలిచాను. తరువాత కొట్టేశాను.

ఎండాకాలంలో సార్ రాజీనామా చేశారు. పిల్లల ముందు తడుముకునే రోజు రాకముందే పోతానన్నారు. వీడ్కోలు సభలో శాలువా కప్పింది నేనే, మాట్లాడిందీ నేనే. బాగా మాట్లాడానన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున బీరువా తెరిచి ఆయన ల్యాప్‌టాప్ తీశాను. డ్రైవర్ వేశాను. ఆపి, ఆన్ చేశాను. చార్జర్ తీసి చూశాను. అద్దంలా ఉంది. తొమ్మిది నిమిషాలు పట్టింది. గడియారం చూసుకున్నాను కాబట్టి తెలుసు. అప్పుడైనా ఏడ్చానా అని మీరు అడగవచ్చు. లేదు. టీ తాగి క్లాసుకు వెళ్ళాను.

సార్‌కు చూపు పోలేదు. ఎందుకు పోతుంది? ఇంటి దగ్గర ఎవరో చెప్పిన ఆకు పసరు వేసుకుంటూ, ఆకుకూరలు తింటూ, అందువల్లే ఆగిందని నమ్మారు. 'మేడమ్ ముందుగాల చెప్పబట్టి కండ్లు దక్కినయి' అని ఊరంతా చెప్పుకున్నారు. సంక్రాంతికీ దసరాకూ మా ఇంటికి కూరగాయలు పంపేవారు. మొదటిసారి తిరిగి పంపేద్దామనుకున్నాను. వండాను. తిన్నాం. అరవై దాటాక కూడా ఆయన పేపరు చదువుకునేవారట. పాఠం మాత్రం మళ్ళీ చెప్పలేదు.

ఆయన పోయిన సంగతి పేపర్లో ఫోటో చూసి తెలుసుకున్నాను. గుండెపోటు. దినాలకు శామీర్‌పేట వెళ్ళాను. స్వరూప గుర్తుపట్టి ఎదురొచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. పక్కన కూర్చుని నా చేయి పట్టుకుంది.

"నాయిన కండ్లు దానం జేసినం మేడమ్. తీస్కపోయినోళ్ళు మస్తు మంచిగున్నయన్నరు. ఇద్దరికి పెడ్తరంట." చేయి వదలకుండానే అంది, "అంతా మీరు జేసిన పుణ్యమే."

ఇంటి నిండా చుట్టాలు. నా చేయి ఆమె చేతిలోనే ఉంది. చెప్పాలనుకున్నానా? అవును, ఈసారి నిజంగా అనుకున్నాను. నాలుక దాకా వచ్చింది. 'మీ నాన్నగారిది అదృష్టం అమ్మా' అన్న మాట బయటికి వచ్చింది. ఆమె లేచి వెళ్ళి తనే విస్తరి వేసి వడ్డించింది.

ఇది స్వరూపకు పంపను. పంపగలిగితే మీకు రాయాల్సిన పని ఉండదు. చదువు మానేసిన ఆ పిల్లకు, పాఠం మానేసిన ఆ మనిషికి నేనేమి తిరిగి ఇవ్వగలను? నిజం చెబితే ఆమెకు మిగిలిన ఒక్క ఓదార్పూ పోతుంది. ఇది దయతో ఆలోచిస్తున్నానా, భయంతో ఆలోచిస్తున్నానా? ఈ రెండింటికీ తేడా తెలిసే స్థితిలో నేను లేను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఉన్నదున్నట్టు ఒక్కసారి రాయాలనుకున్నాను, రాశాను. మధ్యలో నాలుగైదు చోట్ల నన్ను కాస్త మంచిదాన్నిగా చూపించే వాక్యాలు వచ్చాయి, వాటిని కొట్టేశాను. ఇప్పుడు ఛాతీ తేలిగ్గా ఉంది. ఈ తేలిక నాకు దక్కకూడదని తెలుసు. అయినా ఉంది.