ఆపరేషన్ వద్దన్నది నేనే

ఏడేళ్ళుగా ఒక మాట దాచుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు తెలుసు. ఆయన కూడా ఆ మాట ఎత్తరు. ఎవరైనా ఇంటికొచ్చి నా పరుగును పొగడడం మొదలుపెడితే ఆయన లేచి మంచినీళ్ళకని లోపలికి వెళ్ళిపోతారు. నేను నవ్వుతూ కూర్చుంటాను. ఆ నవ్వు నాకిప్పుడు కష్టమనిపించడం లేదు. భయమంతా అదే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. పేరు రాయను. రాజోలు వైపు ఒక ఊళ్ళో స్కూల్ టీచర్‌ని. నలభై ఎనిమిదేళ్ళు. పొద్దున్నే కాలువ గట్టు మీద పరుగెత్తే ఆడమనిషి ఎవరంటే చుట్టుపక్కల ఎవరైనా మా ఇల్లు చూపిస్తారు. ఈ మాత్రం చెప్పినా తెలిసేవాళ్ళకు తెలిసిపోతుంది. తెలియనివ్వండి.

ఒకప్పుడు నేను నూట పద్నాలుగు కిలోలు ఉండేదాన్ని. ఇప్పుడు డెబ్బై. ఎలా తగ్గానని అడిగితే ఊరంతా చెప్పే జవాబు ఒకటే, పరుగు. అది నిజం కాదు. ఒక వేసవి సెలవుల్లో విశాఖపట్నం వెళ్ళి కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాను. ఆడపడుచు ఇంటికి వెళ్తున్నామని అందరికీ చెప్పాం. పొట్ట మీద ఐదు చిన్న మచ్చలు మిగిలాయి. అంతే. బయటికి ఏమీ కనబడదు.

ఎందుకు దాచాను? ఆపరేషన్ తప్పు పని కాదు. డాక్టరుగారు అవసరమనే చేశారు. కానీ స్టాఫ్ రూములో నా కింద కుర్చీ విరిగిన రోజు పిల్లలెవరూ నవ్వలేదు, తోటి టీచర్లు నవ్వారు. నోరు కట్టుకోలేదు, ఒళ్ళు వంచదు అనే చూపు ఇరవై ఏళ్ళు భరించాను. ఆపరేషన్ అని చెబితే ఆ చూపే నిజమైపోతుందనిపించింది. చూశారా, తనంతట తాను తగ్గలేకపోయింది అంటారనిపించింది. ఒక్కసారైనా నన్ను గట్టిదాన్ని అనాలని ఉండేది. అది అంత పెద్ద కోరికా? ఏమో. ఆ కోరికకు ఇంకొకరు బలయ్యారు కాబట్టి ఇప్పుడు అది పెద్దదే అనుకుంటున్నాను.

స్కూళ్ళు తెరిచాక హెడ్మాస్టరుగారు అడిగారు, ఏం చేస్తున్నారండీ అని. పొద్దున్నే నడుస్తున్నానండి అన్నాను. నెల తిరిగేసరికి ఇంకా తగ్గాను. ఇప్పుడు పరుగెత్తుతున్నానండి అన్నాను. ఎక్కడ అని ఎవరో అడిగితే కాలువ గట్టు మీద అన్నాను. అప్పటికి ఆ గట్టు మీద ఒక్క అడుగు వేసినదాన్ని కాదు. మర్నాడు తెల్లవారకముందే లేచి వెళ్ళాల్సి వచ్చింది. చెప్పిన అబద్ధానికి ఎవరైనా సాక్షి కావాలి కదా.

పాలవాడి సైకిల్ కనబడితే పరుగెత్తేదాన్ని. అతను దాటిపోతే ఆగి రొప్పేదాన్ని. చుడీదార్ మీద తెల్ల బూట్లు చూసి, గెలలు దింపేవాళ్ళు కొబ్బరిచెట్టు మీంచి వంగి మరీ చూసేవారు. అలా మొదలైంది. నటనగానే మొదలైంది. కానీ మూడు నెలలకు వంతెన దగ్గర్నుంచి కాలువ నీళ్ళు ఆపే లాకు దాకా ఆగకుండా వెళ్ళగలిగాను. ఆ రోజు లాకు గోడ మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఒక్క ఏడుపులో మాత్రం కల్తీ లేదు. అయితే పరుగు వచ్చేసరికే నేను ముప్ఫై కిలోలు తగ్గిపోయి ఉన్నాను. లెక్క చూసుకునేవాళ్ళు ఎవరూ లేరు.

క్రిస్మస్ ముందు మా చర్చి సంఘంలో స్త్రీల కూటమిలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. దేవుడు నా కాళ్ళకు బలమిచ్చాడని, పొద్దున్నే లేపి నడిపించాడని, మనసు పెడితే ఎవరికైనా సాధ్యమని చెప్పాను. ఆపరేషన్ అనే మాట నా నాలుక చివరిదాకా కూడా రాలేదు. వచ్చిందని అంటే మీ దగ్గర కొంచెం మంచిదాన్నవుతాను. రాలేదు. ముందు వరసలో కూర్చున్న ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆమె పేరు కరుణ అనుకుందాం. మా వీధి చివర బట్టలు కుట్టేది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. కరుణక్క అనేదాన్ని. నేను తగ్గుతున్నకొద్దీ నా జాకెట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టింది ఆమే. నా ఒంటి కొలతలు నాకంటే ముందు ఆమెకు తెలిసేవి. ప్రతి నెలా టేపు చూసి, ఇంకో రెండంగుళాలు తగ్గేరండి అని తనే తగ్గినట్టు సంబరపడేది. ఆమె కూడా ఒకప్పటి నా అంత ఉండేది. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా మిషను ముందే కూర్చునేది. సుగర్ ఉంది. భర్త లేడు. కూతురికి పెళ్ళి చేసి పంపేసింది.

ఆ జనవరిలో ఒక మధ్యాహ్నం జాకెట్టు కొలతలివ్వడానికి వెళ్ళాను. టేపు నా నడుం చుట్టూ ఉండగానే అడిగింది.

"టీచరుగారండీ, నిన్న కాకినాడలో డాక్టరుగారు కడుపు ఆపరేషను చేయించుకోమన్నారండి. సుగరు కూడా దారికొస్తదన్నారు. మస్కట్‌లో మా తమ్ముడు సరే, నేను చూసుకుంటానన్నాడు. మిమ్మల్నో మాటడిగి చెబ్దామని ఆగేను. ఏవంటారండి?"

నా పొట్ట మీద ఐదు మచ్చలు ఆమె వేళ్ళకు జానెడు దూరంలో ఉన్నాయి.

"ఆపరేషనెందుకండీ కరుణక్కా? కోయించుకుని తగ్గడం కూడా ఒక తగ్గడమేనా? నన్ను చూడండి."

"ఆయ్. చూస్తన్నానండి. మిమ్మల్ని చూసే కదా ఆశ పుట్టింది. నావల్లవుతదంటారా?"

"ఎందుకవదండి? రేపట్నుంచి నాతో రండి."

"దేవుడిచ్చిన కాళ్ళున్నాయి కదండి. సరేనండి. మీరు పక్కనుంటే చాలు నాకు."

నా ఎదురుగానే తమ్ముడికి ఫోన్ చేసింది. టీచరుగారు వద్దన్నార్రా, ఆవిడే దగ్గరుండి తగ్గిస్తానన్నారు అని చెప్పింది. ఆ గొంతులో గర్వం ఉంది. నేను అక్కడే నిలబడి విన్నాను.

ఎందుకలా అన్నాను? దీనికి జవాబు వెతకడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. దొరకక కాదు, చూడలేక. ఆమె ఆపరేషన్ చేయించుకుంటే నెలల తరబడి గరిటెడు అన్నమే తింటుంది, ఒక ముద్ద ఎక్కువైతే కక్కుకుంటుంది, జుట్టు రాలుతుంది, రోజూ విటమిన్ మాత్రలు వేసుకుంటుంది. ఇవన్నీ నాలో చూసిన మనిషి ఆమె. పెళ్ళిభోజనాల్లో నేను ఆకు ముందు కూర్చుని కెలుకుతూ ఉండడం పక్క బంతిలోంచి చూసిన మనిషి. తన ఒంట్లో జరిగినప్పుడు నన్ను గుర్తుపట్టేస్తుంది. అదీ భయం. ఇంకోటి కూడా ఉంది. గట్టు మీద ఒంటరిగా పరుగెత్తి పరుగెత్తి విసుగొచ్చింది. పక్కన ఒక మనిషి ఉంటే బాగుండుననిపించింది. ఈ రెండింటి కోసం ఆమె కాళ్ళు వాడుకున్నాను.

ఆమె వచ్చింది. మొదటి రోజు చీర ఎగదోపి, రబ్బరు చెప్పులతో వచ్చింది. తర్వాత నేనే బూట్లు కొనిపించాను. వానలో, మంచులో, కాలువలో నీళ్ళు కట్టేసిన రోజుల్లో, వదిలిన రోజుల్లో, ఏడాదికి పైగా వచ్చింది. నేను రాని రోజులు ఉన్నాయి. ఆమె రాని రోజు లేదు. ఆరు నెలలకు నాలుగు కిలోలు తగ్గింది. తర్వాత తగ్గలేదు. ఇంకా ఏం చెయ్యమంటారండీ అని అడిగేది. అన్నం మానండి అన్నాను. మానేసింది. రాత్రి ఒక ఇడ్లీ చాలన్నాను. ఒక ఇడ్లీతో పడుకుంది. మిషను మీదే కళ్ళు తిరిగి పడిపోయిందని ఎవరో చెబితే మాత్రం రెండు చేసుకోండి అన్నాను.

ఒక రోజు లాకు దగ్గర ఆగి మోకాళ్ళు పట్టుకుని, మీకున్న పట్టుదల నాకు లేదండి టీచరుగారూ అంది. ఇక్కడ ఒకటి చెప్పాలి. ఇది మా ఆయనకు కూడా తెలియదు. ఆ మాట నాకు తియ్యగా అనిపించింది. ఇరవై ఏళ్ళు నేను ఎదురుచూసిన మాట అది. పట్టుదల గల మనిషిని. ఏడాదిలో ఒక్క రోజు కూడా మానని మనిషి నోటి నుంచి వచ్చిన ఆ మాటను నేను నా సొంతంలా తీసుకున్నాను.

రెండో ఏడు వానాకాలంలో ఆమె మోకాళ్ళు వాచిపోయాయి. గుజ్జు అరిగిపోయింది, ఇక పరుగు మాటెత్తొద్దని డాక్టరు చెప్పారట. ఈలోగా మస్కట్‌లో తమ్ముడి ఉద్యోగం పోయింది. ఆపరేషన్ మాట మళ్ళీ రాలేదు. నేను ఒంటరిగా వెళ్ళేదాన్ని. గట్టుకు పోయే దారి ఆమె ఇంటి ముందు నుంచే. అరుగు మీద కూర్చుని, నేను వస్తుంటే చెయ్యెత్తేది. మానకండి టీచరుగారూ అని కేకేసేది. నెల రోజులు చూసి దారి మార్చుకున్నాను. కొబ్బరితోటల వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాను.

అప్పటికి నా బరువు తగ్గడం ఆగింది. మెల్లగా పెరగడం మొదలైంది. అలా జరగొచ్చని విశాఖలో ముందే చెప్పారు. అప్పట్నుంచి నా పరుగు వేరు. ఆరోగ్యం కోసమో సంతోషం కోసమో కాదు. రెండు కిలోలు పెరిగితే ఊరు గుర్తుపడుతుందేమో అన్న భయంతో. జ్వరం ఉన్నా వెళ్ళాను. అత్తగారి దినం రోజున కూడా వెళ్ళాను. ఇన్నేళ్ళు ఆపకుండా ఎలా చేస్తున్నారండీ, మీకు ఆ ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తుందండీ అని ఆడపిల్లలు అడుగుతారు. ఏం చెప్పను? ఎవరో వెంట తరుముతున్నట్టు వెళ్తున్నానమ్మా అని చెప్పనా? అలవాటు చేసుకుంటే అదే వస్తుంది అంటాను. గట్టు మీద పలకరించేవాళ్ళు బోలెడుమంది. పక్కన ఎవరూ లేరు. ఉండనివ్వలేదు.

గత నెల ఎవరో చెప్పారు, కరుణక్క మిషను అమ్మేస్తోందని. సుగర్ కళ్ళకు వచ్చింది. సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. అప్పుడే ఆపరేషన్ చేయించుకుని ఉంటే చూపు నిలిచేదా? డాక్టర్ని అడగొచ్చు. అడగలేదు. అవునంటే ఎలా బతకాలి? కాదంటే సంతోషించాలా?

స్కూల్ నుంచి సరాసరి వెళ్ళాను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. నా గొంతు విని గుర్తుపట్టింది, మొహం చూసి కాదు. కూర్చోండి, ఇంకా వెళ్తన్నారాండి గట్టు మీదకి అని అడిగింది. కూర్చోకుండానే చెప్పేశాను. విశాఖపట్నం, ఆపరేషన్, సాక్ష్యం, ఆ మధ్యాహ్నం. అన్నీ చెప్పాను.

"అంటే నేనడిగేసరికే అయిపోయిందాండి మీకు?"

"ఆయ్."

"నేనెందుకు తగ్గట్లేదు, నాలో ఏం పాపవుంది అని ఎన్ని ఆదివారాలు ఏడ్చేనో తెల్సాండి మీకు? సంఘంలో చెప్పేరా ఈ మాట?"

"లేదండి."

"మరి నాకొక్కదానికే చెప్తే ఏవొస్తదండి? అందర్లో చెప్పిన మాట కదా అది. మంచిదండి. వెళ్ళిరండి."

తిట్టలేదు. అండీ అనడం కూడా మానలేదు. లేచి గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. క్షమించమని అడుగుదామనుకుని వెళ్ళాను. అడిగే చోటు ఆమె మిగల్చలేదు. మిగల్చనక్కర్లేదు.

తర్వాత రెండు ఆదివారాలు మా సంఘం గుడిలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. రెండుసార్లూ బెంచీ అంచు పట్టుకుని కూర్చుండిపోయాను. లేవలేకపోయాను. ఒకరోజు లేస్తానా? తెలియదు. మీకు మాటివ్వలేను. నా మాటకు విలువేముంది? అయినా నోటితో చెప్పలేనిది చేత్తో రాయగలనేమోనని ఈ తెల్లవారుజామున కూర్చున్నాను. ఇది ఆమె అడిగిన పని కాదు. దానిలో సగం కూడా కాదు. తెలుసు.

రాస్తుండగానే తెల్లారింది. పాలవాడి బెల్లు వినిపించి, వెళ్ళిపోయింది. కిటికీలోంచి ఎండ కాగితాల మీద పడుతోంది. మా ఆయన వచ్చి, వెళ్ళలేదా అని అడిగారు. ఇవాళ వెళ్ళలేదండి అన్నాను. ఇన్నేళ్ళలో వెళ్ళకపోయినా భయం వెయ్యని పొద్దు ఇదొక్కటే.