పాలకూర మడికి రసమట్టం

మేస్త్రీకి ఇల్లు కట్టడం మంచినీళ్ళ ప్రాయం, ఒక మంచిమాట అనడం మాత్రం గగనం. గోడ నిటారుగా లేచిందో లేదో కంటిచూపుతో చెప్పగల మనిషే, కానీ ఎదుటివాళ్ళు చేసిన మేలును గుటకేసి ఊరుకునేవాడు. మెచ్చుకుంటే నెత్తికెక్కుతారని ఆయన సిద్ధాంతం. భార్య ఉన్నన్నాళ్ళూ ఆ సిద్ధాంతాన్ని ఆవిడ భరించింది. ఆవిడ పోయాక ఆ వంతు కోడలికి వచ్చింది.

ఆ వేసవిలో మేస్త్రీ పరంజా మీద నుంచి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. కొడుకు లారీ డ్రైవరు, ఇంటిపట్టున ఉండేదే తక్కువ. ఇక మిగిలింది కోడలే. బట్టల ఫ్యాక్టరీలో పగలంతా మిషను తొక్కి వచ్చి, మామగారిని లేపి కూర్చోబెట్టేది, ఒళ్ళు తుడిచేది, దుప్పట్లు మార్చేది, పళ్ళెం చేతికిచ్చేది. ఒక్కనాడైనా మొహం చిట్లించలేదు. మొహం చిట్లించే పని మేస్త్రీయే రోజూ చేశాడు. దిండు ఎత్తయిందన్నాడు, పాలు చల్లారిపోయాయన్నాడు. ఆ పిల్ల లేకపోతే తన గతేమిటో ఆయనకు తెలియక కాదు. ఆ మాట గొంతుదాకా వచ్చేది, నోరు తెరిచేసరికి గొణుగుడై బయటపడేది.

కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగేసరికి వానలు వెళ్ళిపోయి చలిగాలి మొదలైంది. ఒకరోజు కిటికీలోంచి చూస్తే, కోడలు కూరలబండి దగ్గర వాడిపోయిన పాలకూర కట్ట పట్టుకుని నిలబడి ఉంది. "పెరట్లో అప్పుడే కోసిన పాలకూర తిని ఎన్నాళ్ళయిందో!" అని బండివాడితో అని, కట్టను మళ్ళీ బండిలోనే పెట్టేసింది.

మేస్త్రీకి దారి దొరికింది. నోటితో కానిది చేత్తో అవుతుంది. పెరట్లో ఇటుకముక్కలూ ఇసుకా పోసిన జాగా ఊరికే పడి ఉంది. మంచు పడేలోగా ఒక్క పూటకు సరిపడా పాలకూర పండించి కోడలి చేతిలో పెడితే, చెప్పాల్సిందంతా చెప్పినట్టే. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అనుకోవడానికి, ఈ వయసులో పడిలేచిన ఒంటికి గ్యారంటీ ఏముంది?

పక్కింటి రిటైరైన పోస్టుమాన్ గోడ మీంచి తొంగిచూశాడు. "చలికాలం నెత్తిమీదకొచ్చాక విత్తనాలేంటి మేస్త్రీ? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు!"

"నువ్వు ఉత్తరాలు పంచినంత ఆలస్యం కాదులే, పో!"

పీట మీద కూర్చుని, జరుగుతూ జరుగుతూ నేల తవ్వాడు. రాళ్ళేరి మట్టి జల్లెడ పట్టాడు. దారం కట్టి, గీతలు గీసి, పాలకూరా ముల్లంగీ విత్తాడు. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. చేతులు ఊరుకోలేదు. దిమ్మిసతో మట్టి అణగ్గొట్టాడు, తాపీతో నున్నగా రుద్దాడు, ఎక్కడా ఎత్తుపల్లాలు లేవని రసమట్టం పెట్టి మరీ చూసుకున్నాడు. ఆపైన కొత్త శ్లాబుకు క్యూరింగ్ చేసినట్టు పూటపూటా నీళ్ళు పోశాడు. నీళ్ళు ఇంకిన కొద్దీ మట్టి బిగిసి, పిల్లి గోరు కూడా దిగనంత గట్టిపడింది. చూసుకుని మురిసిపోయాడు మహానుభావుడు.

రోజులు గడిచాయి, ఒక్క మొలకా లేదు. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చే రోజులు వచ్చేశాయి. మేస్త్రీ విత్తనాలను తిట్టాడు, అవి అమ్మినవాణ్ణి తిట్టాడు, తిట్టడానికి ఇంకెవరూ మిగలక మడి పక్కన కూలబడ్డాడు. ఈ పని కూడా చేతకాలేదంటే ఇక తనెందుకు అనిపించింది.

సెలవునాడు బట్టలు ఆరేయడానికి వచ్చిన కోడలు మడిని వేళ్ళతో తట్టి చూసింది.

"మామయ్యా, మడి కట్టారా, వరండా కట్టారా?"

"ఏం? వంకరుందా?"

"వంకర లేదు, అదే బాధ! గింజ తలెత్తాలంటే కాస్త సందుండొద్దూ?"

తను కట్టినదానికి వంక పెడితే మీదికెళ్ళే మనిషి ఆయన. ఆరోజు మాత్రం తాపీ తీసి ఆమె చేతికిచ్చాడు. "పగలగొట్టమ్మా" అన్నాడు.

ఆమె ఒక పెచ్చు లేపింది. దానికింద తెల్లటి మొలకలు మెడలు వంచుకుని, దారి దొరక్క ముడుచుకుని ఉన్నాయి. కొన్ని కుళ్ళిపోయాయి గానీ, అన్నీ కాదు.

"బతికే ఉన్నాయి మామయ్యా!" అని కోడలు కేకేసింది.

ఇద్దరూ కూర్చుని మడంతా గుల్ల చేశారు. ఆయన మట్టి నలిపి ఇస్తే ఆమె పైపైన చల్లింది. మిగిలిన గింజలు ఖాళీల్లో వేశారు, ఈసారి ఎవరూ నొక్కలేదు. గాలి తగలకుండా మేస్త్రీ చుట్టూ ఇటుకలు పేర్చాడు, పొద్దు వాలగానే గోనెపట్టాలు కప్పేవాడు. పోస్టుమాన్ ఎగతాళి చేస్తూనే తన ఇంట్లోని పాత కిటికీ రెక్కను, అద్దంతో సహా, మడి మీద మూతకని అందించి వెళ్ళాడు.

మంచు పడింది. ముల్లంగి పోయింది. పాలకూర మాత్రం పొట్టిగానే అయినా ముదురు పచ్చగా నిలబడింది. ఒక సాయంత్రం మేస్త్రీ కోశాడు. గుప్పెడంటే గుప్పెడే. కోడలి చేతిలో పెట్టి, హమ్మయ్య, చెప్పేశాననుకున్నాడు.

ఆమె వండింది. వండిన కూరంతా మామగారి పళ్ళెంలోనే వడ్డించి, తను పొద్దున మిగిలింది పెట్టుకుని కూర్చుంది.

మేస్త్రీకి అప్పుడర్థమైంది, తనేమీ చెప్పలేదని. కూరలో సగానికిపైగా తీసి ఆమె పళ్ళెంలో వేశాడు.

"కన్నకూతురున్నా ఇంత చేసేది కాదమ్మా. నీ చలవవల్లే లేచి తిరుగుతున్నాను."

కోడలి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "ఇంకోసారి చెప్పండి మామయ్యా."

"ఏం, వినపడలేదా?"

"వినపడింది. ఇంకోసారి వినాలనుంది."

చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. మూడోసారికి నోరు అలవాటు పడింది.