గోడ తిరిగిన చోటు

ఆ వారం నాకు కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే నిలకడ లేదు. పర్చూరు వైపు మా ఊరి పాటిదిబ్బ కింద పాతకాలపు కోట నగరం ఉందని తేలి, తవ్వకాలు మొదలై రెండో ఏడు. బ్రాడీపేటలో గది అద్దెకు తీసుకుని చదివిన చదువుకు, సొంత ఊళ్లోనే తవ్వకాలు చూసుకునే పని దొరికింది. కోట ఇటుక గోడ పడమటి నుంచి చక్కగా వచ్చి, తూర్పు వైపున ఉన్నట్టుండి తెగిపోయింది. మూల దొరకలేదు. శుక్రవారం పెద్దాఫీసరు వచ్చి, ఇక ఎవరూ తవ్వకూడని మేరకు సరిహద్దు రాళ్లు పాతిస్తారు. మూల చూపించలేకపోతే రాళ్లు గోడ తెగినచోటే ఆగుతాయి. మిగతా దిబ్బంతా ట్రాక్టర్లపాలు.

మావైపు పాటిమట్టి అంటే ఎరువు. వెనకటి మనుషులు బతికిన చోట బూడిద, పేడ, ఎముకలు కలిసి మాగిన మట్టి. మిరప చేలో తోలితే చేను నల్లగా నిగనిగలాడుతుంది. అందుకే దిబ్బ మీదికి తట్ట పట్టుకొచ్చిన ప్రతివాడి మీదా ఒంటికాలి మీద లేచేదాన్ని. బుధవారం ట్రాక్టరుతో వచ్చిన ఒక రైతును నోటికొచ్చినట్టు తిట్టాను.

మా దగ్గర మట్టి మోసే పెద్దావిడ తట్ట దించి నవ్వింది. "ఊళ్లో అందర్నీ కడిగేస్తన్నావు గానీ, ముందు మీ నాన్ననడగవే. మీ మిరప చేను ఊరికే కాసిందా?"

నాకు ఒళ్లు మండింది. నేను వెళ్లేసరికి నాన్న కల్లంలో ఎండు మిరపల్లోంచి తాలుకాయలు ఏరుతున్నాడు. అడిగాను. తలెత్తలేదు.

"తోలాం. నువ్వు పుట్టకముందు. గోడ అడ్డమొస్తే ఇటుకలు పీకాం. మన నీళ్లు పోసుకునే గచ్చు కింద ఉన్నయ్యి అయ్యే."

"సిగ్గు లేదా నాన్నా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ మాట ఇప్పటికీ నన్నే గుచ్చుతుంది.

మర్నాడు పొద్దున్నే నాన్న తవ్వకాల దగ్గరికి వచ్చాడు. గోడ తెగినచోటు నుంచి మా చేలోకి దిగి, మిరప సాళ్ల మధ్య ఒకచోట మడమతో గీత గీశాడు. ఒకప్పుడు దిబ్బను చదును చేసి చేలో కలుపుకున్న చోటది.

"ఇక్కడ తిరిగింది గోడ."

మొక్కలు పీకించి తవ్వించాను. ఇటుకలు లేవు. అవి ఉండిన గాడి ఉంది. రెండు పక్కలా గట్టి నేల, మధ్యలో వదులు మట్టి, సరిగ్గా దక్షిణానికి మలుపు తిరిగి. ఆ గాడిలోనే అటూ ఇటూ పిచ్చిదానిలా తిరిగాను. సంతోషమో భయమో తెలియలేదు. ఆ మూల దాకా రాళ్లు వేస్తే మా చేలో సగం లోపలికి పోతుంది. ఆ సంగతి నాన్నకు నాకంటే ముందే తెలుసు.

"ఇక్కడ మూల ఉందని ఎలా కనిపెట్టారమ్మా?" అన్నారు శుక్రవారం ఆఫీసరు గారు.

నేను నోరు తెరిచేలోపే, "ఆ గోడ పీకింది నేనేనండి," అన్నాడు నాన్న.

ఆయన రాసుకున్నారు. రాళ్లు దిగాయి. లోపల పడిన సాళ్లలో కాయ ఎర్రగా పండి కోతకొచ్చి ఉంది. హద్దు పడ్డాక లోపల గడ్డిపోచ కూడా ముట్టడానికి వీల్లేదని తవ్వకాలు మొదలైనప్పటి నుంచీ ఊరంతటికీ అరిచి చెప్పింది నేనే.

నాన్న ఆఫీసరు వైపు చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, నా వైపు తిరిగాడు.

"ఈ ఒక్క కోత కోసుకోనిస్తారా అండీ?"